నూకరాజును విడిపించడం ఎలా?

మండా త్రిపురసుందరి గారు ఇంతవరకు ఐదుగురిని చంపారు. ఐదుగురినీ మధ్యాహ్నం పూటే చంపారు.

పొద్దున్న ఆవిడకు తీరిక ఉండదు. స్నానం, దీపం, లలితా సహస్రనామం, భర్తకు కాఫీ, ఆ తర్వాత వంట. భర్త రామభద్రంగారు భోంచేసి వాలుకుర్చీలో కునుకు తీయడం మొదలుపెట్టాక, ఆవిడ వంటింటి బల్ల తుడిచి, కాగితాలు పరుచుకుని, మనసులో అమ్మవారికి ఒక నమస్కారం పెట్టుకుని, ఎవరినో ఒకరిని చంపేవారు. మామూలుగా ఆవిడ చీమలకు పంచదార వేసే మనిషి. బొద్దింకను సైతం చీపురుతో నచ్చజెప్పి గుమ్మం దాటిస్తారు.

పెద్దాపురంలో ఆవిడ అపరాధ పరిశోధన నవలలకు మంచి గిరాకీ ఉంది. పెద్ద ప్రచురణకర్తలెవరూ వెనక లేరు. తానే రాసుకుని, వీర్రాజు ప్రెస్సులో తానే అచ్చు వేయించుకుని, బస్టాండులో పుస్తకాల కొట్టుకు ఇచ్చేవారు. కాకినాడ బస్సెక్కినవాళ్ళు సామర్లకోట చేరేలోగా మొదటి శవాన్ని చూసేవారు.

ఐదో నవల పేరు ‘ఏడో బూరె’. ఒక పెళ్ళి భోజనాల్లో రైసుమిల్లు యజమాని ఆరు బూరెలు తిని, ఏడోది కొరికి, విస్తరి మీదికి ఒరిగిపోతాడు. వంటవాడు నూకరాజును పోలీసులు పట్టుకుపోతారు. నూకరాజు ఏ పాపమూ ఎరగడు. ఆ సంగతి త్రిపురసుందరి గారికీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. పోలీసు వ్యాను తలుపు మూసుకోవడం, వాడి తల్లి వెనకాల పరుగెత్తడంతో మొదటి భాగం ముగిసింది. అసలు హంతకుడెవరో రెండో భాగంలో చెబుతానని ఆఖరి పేజీలో మాట ఇచ్చారు.

ఊరు ఊరంతా ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఎదురింటి హనుమాయమ్మగారైతే ఏకంగా రాకపోకలే తగ్గించేశారు.

“ఆ పిల్లాడు బయటికొచ్చేదాకా మీ ఇంట్లో కాఫీ తాగనమ్మా,” అన్నారు గేటు అవతల నిలబడే. “వాళ్ళమ్మ ఉసురు మీకు తగిలితే తగిలింది, నాకెందుకు?”

“అయ్యో వదినగారూ, రెండో భాగం రాసేశానండీ. వాడిక వచ్చేసినట్టే!”

“వచ్చాక పిలవండి.”

త్రిపురసుందరి గారు నవ్వారు గానీ ఆ మాట గుచ్చుకుంది. తానే లోపల వేయించారు కదా! భర్తకు నెయ్యి వడ్డిస్తుంటే, జైల్లో వాడికెవరు వడ్డిస్తున్నారోనని చెయ్యి ఆగేది. రెండో భాగం ప్రెస్సుకు తీసుకువెళ్ళిన రోజున ఆవిడకు అప్పగింతల రోజంత బరువుగానూ, తేలిగ్గానూ అనిపించింది.

వీర్రాజు కాగితాలు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“మండలి నెంబరుందాండి?”

“ఏ మండలి బాబూ?”

“అదేనండి, స్వతంత్ర నవలాకారుల మార్గదర్శక మండలి. నెంబరు లేకుండా నవల ముట్టుకుంటే మా మిషనుకి తాళం ఏసేత్తారండి బాబూ.”

ఆ మండలి పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. నగరంలో ఒక పెద్ద హోటల్లో రచయితలకు శిక్షణ శిబిరం జరిగింది. ఎక్కడినుంచో వచ్చిన ఒక వక్త, భోజనానికి ముందు, “మీకు తెలిసిందే రాయండి” అన్నాడు. అందరూ ఆకలి మీద ఉన్నారేమో, గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్న పెద్దలకు ఆ మాట బాగా నచ్చింది. ప్రచురణ సంస్థలున్న రచయితలకు చెప్పడానికి సంపాదకులున్నారు, సొంతంగా అచ్చు వేసుకునేవాళ్ళకు చెప్పే దిక్కెవరు అని బాధపడి, మండలి ఏర్పాటు చేశారు. మొదటి ఏడాది ఆ మాట సలహాగా ఉంది. మరుసటి ఏడాది సూచన అయింది. ఆ పైఏడు నిబంధన అయింది. తనకు స్వానుభవంలో లేనిదేదీ రచయిత నవలలో రాయరాదు. రాసిన ప్రతి సంఘటనకూ అనుభవ ధ్రువీకరణ చూపవలెను.

కాకినాడలో మండలి కార్యాలయం ముందు వసారాలో రచయితలు రేషను దుకాణం దగ్గరలాగా నిలబడి ఉన్నారు. త్రిపురసుందరి గారి ముందు దెయ్యాల నవలలు రాసే పేరిశాస్త్రి ఉన్నాడు. వెనక, ఎద్దు తన కథ తానే చెప్పుకున్నట్టు నవల రాసినాయన ఉన్నాడు. ఆయన్ని అప్పటికే పశువుల ఆసుపత్రికి వెళ్ళి రమ్మన్నారట. డాక్టరు పళ్ళు చూసి పంపించేశాడట.

పేరిశాస్త్రి వంతు వచ్చింది. అనుభవ పరిశీలనాధికారి చక్రపాణిగారు తల ఎత్తకుండానే అడిగారు.

“కథ ఎవరు చెబుతున్నారు?”

“చనిపోయినాయనండి. చింతచెట్టు మీద కూచుని చెబుతాడండి.”

“అయితే మరణ ధ్రువీకరణ పత్రం జతపరచవలెను.”

“ఎవరిదండీ?”

“రచయితది.”

“అది పట్టుకుని నేను మళ్ళీ ఎలా రానండీ?”

“తమరు రానవసరం లేదు. కుటుంబ సభ్యులు ఎవరు సమర్పించినా స్వీకరించబడును. ఆ విషయంలో మండలి చాలా ఉదారంగా ఉన్నది,” అన్నారు చక్రపాణిగారు. “తరువాత!”

త్రిపురసుందరి గారు కొంగు సర్దుకుని ముందుకు వచ్చారు. ఆయన సారాంశం చదివి, మొదటిసారి తల ఎత్తి చూశారు. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం సంచి. మళ్ళీ సారాంశం చూశారు.

“హత్య తమరు చేశారా?”

“రామ రామ! అదేం మాటండీ!”

“చేస్తుండగా చూశారా?”

“లేదండీ.”

“కుటుంబంలో మరెవరైనా చేశారా? రక్తసంబంధీకుల హత్యలు కూడా పరిగణించబడును. నోటరీ సంతకం ఉండవలెను.”

“మా వంశంలో కోళ్ళను కూడా ఎవరూ ముట్టుకోలేదు బాబూ.”

“ఇన్ని లోపాలతో హత్య రాయడానికి ఎలా సాహసించారు?” చక్రపాణిగారి గొంతులో కోపం లేదు. నిజమైన విచారమే ఉంది. “తమకు ఏమి తెలుసును?”

ఆవిడ ఆలోచించారు. “వంట తెలుసండి. పూజా పునస్కారం తెలుసు. బూరెలు బాగా చేస్తానంటారు.”

ఆయన కలం ఆగింది. “బూరెలు నవలలో ఉన్నవి కదా?”

“ఏడున్నాయండి.”

“అయితే ఆ మేరకు క్షేత్ర పరిశీలన జరుపబడును.”

ఆ సాయంత్రం విషయం విని రామభద్రంగారు వాలుకుర్చీలోంచి లేచి కూర్చున్నారు.

“నీకోసం ఒక హత్య చేయమంటే చేసేవాణ్ణే త్రిపురా. కానీ మోకాళ్ళు సాగనివ్వవు. పరుగెత్తలేను, పట్టుబడిపోతాను.”

“చాల్లెండి, సరసం. ఆ పిల్లాడు లోపలే ఉండిపోతాడేమోనని నేనేడుస్తుంటే.”

“అంత దిగులెందుకు? హంతకుడెవరో నాకు చెప్పేయ్, హనుమాయమ్మకి నేను చెప్పేస్తా. ఊరికంతా ఆవిడ చెప్పేస్తుంది. అచ్చుతో పనేముంది?”

“పోలీసులు పట్టుకెళ్ళడం అచ్చులో వచ్చింది కదండీ. వదిలేయడం గేటు దగ్గర గుసగుసగా చెప్పుకోవడమేంటి? వాడి పరువేం కావాలి?”

రామభద్రంగారికి అది న్యాయంగానే తోచింది.

క్షేత్ర పరిశీలన శుక్రవారం జరిగింది. చక్రపాణిగారు కొలతల టేపుతో వచ్చారు. అమ్మవారికి నైవేద్యం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత మొదటి బూరె తిని రాసుకున్నారు, రెండోది తిని రాసుకున్నారు. మూడోదానికి నెయ్యి అడిగారు. ఏడోదాన్ని మాత్రం నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ విస్తట్లో పెట్టారు. సారాంశం గుర్తుకు వచ్చినట్టుంది.

“పరవాలేదు తినండి. అది నవల్లోదండి,” అన్నారు త్రిపురసుందరి గారు.

తిన్నారు. ఏమీ కాలేదు. వారం తిరక్కుండా మండలి ఉత్తర్వు వచ్చింది. బూరెలకు సంబంధించిన అధ్యాయాలు సంపూర్ణంగా ఆమోదించబడినవి. ఏడో బూరె తిన్న వ్యక్తికి ఆయాసం, నిద్రమత్తు కలిగినట్లు పరిశీలనలో తేలినది గనుక, నవలలోని మరణాన్ని నిద్రగా సవరించవలెను. హంతకుడు, ఇన్‌స్పెక్టరు, కోర్టు తొలగించబడినవి.

ఆవిడ మళ్ళీ కాకినాడ బస్సెక్కారు.

“అయ్యా, మిల్లు యజమాని నిద్రపోతే మరి వంటవాణ్ణి జైల్లో ఎందుకు పెట్టినట్టండీ?”

“అది రచయిత్రి వివరించుకోవలసిన అంశము.”

“వివరించడానికేగదండీ రెండో భాగం! వాణ్ణి విడిపించేస్తే నాకింకేమీ వద్దు.”

చక్రపాణిగారు ఫైలు తిప్పారు. “తమకు జైలు అనుభవం ఉన్నదా?”

“లేదండీ.”

“అది లేనిదే జైలునుండి విడుదల రాయడానికి వీలుపడదు.”

“మరి మొదటి భాగంలో జైలుకు పంపించాను కదండీ!”

“మొదటి భాగం నిబంధన రాకముందు అచ్చయినది. కనుక అతడు పాత నిబంధనల ప్రకారం సక్రమంగా లోపలికి వెళ్ళినాడు. కొత్త నిబంధనల ప్రకారం బయటికి రాజాలడు.” ఆయన గొంతు తగ్గించి, మనిషిలాగా అన్నారు. “అమ్మా, తమ బూరెలు తిన్నవాణ్ణి గనక చెబుతున్నాను. అధ్యక్షులవారికి విన్నవించుకోండి. నా చేతుల్లో ఇంతే.”

మండలి అధ్యక్షులు ఆచార్య దివాకరంగారు మహా పండితులు. ‘నవల రాయడం ఎలా?’ అనే గ్రంథం సంపుటాలుగా రాశారు. నవలకు ఎత్తుగడ ఎలా ఉండాలో ఒక సంపుటం, ముగింపు ఎలా ఉండాలో మరొకటి, మధ్యలో విసుగు రాకుండా ఏం చేయాలో చెప్పేది అన్నిటికంటే లావు సంపుటం. ఆయన గదిలో వాటిని పూలదండ వేసి పెట్టారు. త్రిపురసుందరి గారు అలవాటు కొద్దీ వాటికి కూడా ఒక నమస్కారం పెట్టారు.

“రచన అంటే ఏమిటమ్మా?” అన్నారు దివాకరంగారు, కూర్చోమనకుండానే. “రచన అంటే అనుభవ నిక్షేపము. అనుభవ రహితమైన రచన గంధము లేని పుష్పము, దీపము లేని గృహము, లవణము లేని...”

“పప్పండి,” అన్నారు ఆవిడ, ఆయనకు మాట తట్టక ఆగితే.

“అవును. ఏమి తమ విన్నపము?”

ఆవిడ చెప్పుకున్నారు. నూకరాజు నిర్దోషి అని, వాడి తల్లికి ఇంకెవరూ లేరని, వాణ్ణి లోపల వేసింది తానే గనుక బయటికి తీసుకురావలసిన పూచీ కూడా తనదేనని. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని విన్నారు.

“భావము బాగున్నది. ఆధారము లేదు.”

ఆవిడ వెళ్ళిపోవడానికి వెనుతిరగబోయి, ఆగారు. ఎదిరించడం ఆవిడకు చేతకాదు. తెలియక అడుగుతున్నట్టే అడిగారు.

“తమరు చాలా నవలలు రాసుంటారు కదండీ?”

ఫైలు పట్టుకుని వెంట వచ్చిన చక్రపాణిగారు కిటికీలోంచి బయటికి చూశారు.

“నేను నవల రాయలేదు,” అన్నారు దివాకరంగారు, ఏ మాత్రం తొణక్కుండా. “రాయవలసిన అవసరం లేదు. వైద్యుడు చికిత్స చేయడానికి ముందు ప్రతి రోగమూ తెచ్చుకుంటాడా?”

“తెచ్చుకోడండీ.” ఆవిడ ముఖం వెలిగింది. “మరి నేనూ అంతే కదండీ?”

“ఎంతమాత్రమూ కాదు! తమరు రాసేది కథ. నేను రాసేది సలహా. కథ అబద్ధం అయ్యే ప్రమాదమున్నది గనుక దానికి అనుభవం చూపవలెను. సలహా విషయంలో అట్టి ప్రమాదమే లేదు. అది నిజమా, అబద్ధమా అని ఇంతవరకు ఎవరూ పరీక్షించి చూడలేదు. సలహా గ్రంథములకు మండలి అనుమతి అక్కర్లేదు. పైగా మండలే వాటిని కొని గ్రంథాలయాలకు పంపుతున్నది.”

“ఎవరైనా రాయొచ్చాండీ సలహాలు?”

“ఎవరైనా. అనుభవము లేనివారైతే మరీ మంచిది. వారి సలహా నిర్మలంగా ఉండును.”

ఇంటికి వచ్చి ఆవిడ దేవుడి గదిలో చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ మనసులో ఒక ప్రశ్న చాలా రోజులనుంచి తిరుగుతోంది. ఈ లోకాన్ని సృష్టించినవాడు ముందుగా ఏ అనుభవం చూపించి సృష్టించాడు? ఏనుగును చేయకముందు ఆయనకు ఏనుగు సంగతి ఏం తెలుసు? అడగకూడని ప్రశ్నేమోనని చెంపలు వేసుకున్నారు. ఇక రెండో ప్రశ్న: ఉన్న కథను సలహా అని అమ్మితే అది మోసం అవుతుందా? దానికి అమ్మవారు ఏమీ అనలేదు. కానీ నూకరాజు తల్లి ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. ఆవిడ లేచి దీపంలో నూనె పోసి, వంటింటి బల్ల మీద కాగితాలు పరిచారు.

రెండో భాగం అలాగే ఉంది. క్రియలు మాత్రం మారాయి.

‘మీ నవలలో ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడనుకోండి. అతణ్ణి పెళ్ళి ఫోటోలన్నీ మరొకసారి చూడనివ్వండి. భోజనాల ఫోటోలలో అందరి చేతులూ విస్తళ్ళ మీద ఉండాలి. అప్పుడతనికి ఒక సందేహం కలిగించండి: ఇన్ని ఫోటోలున్నాయి, మిల్లు యజమాని ఏడో బూరె కొరికిన క్షణానిది ఎందుకు లేదు? ఆ సమయంలో ఫోటోగ్రాఫరు కెమెరా పక్కన పెట్టి ఏం చేస్తున్నట్టు చూపితే బాగుంటుందో ఔత్సాహిక రచయితలు ఆలోచించుకోవాలి. మేమైతే, బూరెల పళ్ళెం పట్టుకుని ఉన్నట్టు చూపమని సలహా ఇస్తాము.’

పుస్తకం పేరు ‘భోజనాల పంక్తిలో హత్య రాయడం ఎలా?’ అని పెట్టారు. వీర్రాజు నెంబరు అడగలేదు. “సలహాలాండీ? అయితే మనకి ఇబ్బంది లేదండి,” అని ఆ పూటే మిషను ఎక్కించాడు.

బస్టాండు కొట్టువాడు మొదట వెనక అరలో పెట్టాడు. పెద్దాపురంలో అంతమంది రచయితలు కాదలుచుకున్నారని అతనికి అప్పటివరకు తెలియదు. కూరల మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, బస్సు డ్రైవర్లు, చివరికి నూకరాజును అరెస్టు చేసిన తీరు బాగాలేదని పోయినసారి అలిగిన, ఊళ్ళోని నిజం ఇన్‌స్పెక్టరుగారి భార్య కూడా వచ్చి కొనుక్కున్నారు. రామభద్రంగారు కునుకు మానేసి ఒక్క మధ్యాహ్నంలో చదివేశారు. “ఫోటోగ్రాఫరా! వాడి పొడుగు జుట్టు చూసినప్పుడే అనుకున్నా,” అన్నారు. నవలలో వాడి జుట్టు గురించి ఎక్కడా లేదు.

హనుమాయమ్మగారు అన్నిటికంటే ఆలస్యంగా చదువుతున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి ‘అనుకోండి’ దగ్గరా ఆగి, “అనుకున్నాను, తర్వాత?” అని పైకే అంటూ పేజీ తిప్పుతున్నారని రామభద్రంగారు గేటు దగ్గరనుంచి విని వచ్చి చెప్పారు.

ఇతర రచయితలకు దారి దొరికింది. పేరిశాస్త్రి ‘చనిపోయినవారిచేత కథ చెప్పించడం ఎలా?’ తెచ్చాడు, బతికుండగానే. ఎద్దు నవల రచయిత తన పుస్తకానికి ‘రైతులకు సూచనలు’ అని పేరు పెట్టాడు. దాంతో వ్యవసాయ శాఖ కూడా కొన్నది. ప్రేమ నవలలు రాసే ఇంకొకాయన ప్రేమలో పడేవారికి జాగ్రత్తలు రాశాడు. ఆ ఏడాది మండలి తన నివేదికలో సగర్వంగా ఇలా రాసుకుంది: అనుభవము లేని నవల ఒక్కటి కూడా జిల్లాలో వెలువడలేదు. అనుభవము ఉన్న నవల కూడా వెలువడలేదు. రచనా సలహాల ఉత్పత్తిలో మాత్రం జిల్లా అగ్రస్థానమున నిలిచినది.

ఆ సందర్భంగా టౌను హాల్లో సభ పెట్టి, త్రిపురసుందరి గారికి ఉత్తమ సలహాదారు సత్కారం చేశారు. దివాకరంగారు స్వయంగా శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

“ఈమెకు నవల రాయడం చేతకాలేదు!” అన్నారు ఎంతో ఆప్యాయంగా. “చేతకాలేదు గనుకనే ఇంత గొప్ప సలహాలు ఇవ్వగలిగింది. యువ రచయితలు ఈమెను ఆదర్శంగా తీసుకోవలెను.”

హాలంతా చప్పట్లతో మోగింది. త్రిపురసుందరి గారు చేతులు జోడించి నిలబడ్డారు. ఆ మాట ఎక్కడో కొంచెం మండింది. ఐదు నవలల మనిషి. కానీ నూకరాజు బయటికి వచ్చాడు, జనం కూడా వచ్చాడనే అనుకుంటున్నారు. అది చాలునని సర్దుకున్నారు.

సభ అయ్యాక జనాన్ని తోసుకుంటూ హనుమాయమ్మగారు వేదిక ఎక్కారు. అధ్యక్షులవారు పక్కనే ఉన్నారు గానీ ఆవిడ పట్టించుకోలేదు.

“తెల్లారుజామున పూర్తిచేశానమ్మా. విడిచిపెట్టేశారు, బావుంది. జైలు గేటు దాటించమన్నారు, దాటించాను. అక్కడాపేశారేంటి? ఇంటికెళ్ళాడా? అన్నం తిన్నాడా? అది రాయలేదేం?”

త్రిపురసుందరి గారు తెల్లబోయారు. నిజమే. విడిపించే తొందరలో వాణ్ణి గేటు బయటే నిలబెట్టి వచ్చేశారు.

“తిన్నాడు వదినగారూ,” అన్నారు. “నడిచే వెళ్ళాడు. వాళ్ళమ్మ తలుపు తీసి, ముందు ఏమీ అడగలేదు. కాళ్ళు కడుక్కోమంది. వేడన్నంలో పప్పు, మామిడికాయ ముక్క. అంతమందికి వండిపెట్టినవాడు, మొదటి ముద్ద ఎలా కలుపుకోవాలో మరిచిపోయి కూర్చుంటే, ఆవిడే కలిపి పెట్టింది.”

హనుమాయమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

దివాకరంగారు ముందుకు వంగారు. “క్షమించాలి. ఇది తమ గ్రంథములో లేదు. సలహా రూపములోనూ లేదు. అతడు భోజనము చేసినట్లు ఆధారమేమి?”

ఇద్దరు ఆడవాళ్ళూ ఆయనకేసి తిరిగి చూశారు.

“అదేంటండీ!” అన్నారు హనుమాయమ్మగారు. “కొడుకు జైలునుంచొస్తే ఏ తల్లయినా అన్నం పెట్టకుండా ఉంటుందా?”

అధ్యక్షులవారు చక్రపాణిగారిని పిలిచి, ఆ ప్రశ్నను పరిశీలనలో పెట్టించారు. జవాబు ఇంకా రాలేదు.